అక్కకు వస్తే చెల్లెకూ వస్తుందా?

లాల్‌దర్వాజ దగ్గర ఒక ఇరుకు సందు. ఆ సందులో ఒక గది ఇల్లు. ఆ ఇంట్లో ఉండే తల్లి గాజులకు రాళ్లు అతుకుతుంది. లాడ్ బజారు దుకాణాల వాళ్లు లక్క గాజులు ఇస్తారు. రాళ్లు ఇస్తారు. డజనుకు ఇంత అని కూలి ఇస్తారు. పొద్దంతా వంగి కూర్చుంటే మెడ లాగుతుంది. కళ్లు మండుతాయి.

ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. కవల పిల్లలు. అమడలు అని కూడా అంటారు. పేట్లబురుజు ప్రసూతి దవాఖానలో పుట్టారు. ఇద్దరికీ పది నిమిషాలే తేడా. ముందు పుట్టినదాన్ని ఇంట్లో 'పెద్దది' అంటారు. తర్వాత పుట్టినదాన్ని 'చిన్నది' అంటారు. ఇప్పుడు వాళ్లకు తొమ్మిదేళ్లు. ఒకటే ముక్కు. ఒకటే నవ్వు. బడిలో టీచరమ్మ కూడా రిబ్బన్ల రంగు చూసి గుర్తుపడుతుంది.

ఏడో ఏట పెద్దదానికి మూర్ఛ వచ్చింది. నల్లా దగ్గర బిందె పెట్టుకొని నిలబడింది. ఒక్కసారి కేక వేసి పడిపోయింది. కళ్లు పైకి పోయాయి. కాళ్లు చేతులు కొట్టుకున్నాయి. నోట్లో నురగ వచ్చింది. బట్టలు తడిసిపోయాయి. సందులో వాళ్లంతా చుట్టూ మూగారు. ఒకరు తాళం చేతులు చేతిలో పెట్టారు. ఒకరు చెప్పు వాసన చూపించారు. ఒకరు పళ్ల మధ్య చెంచా దూర్చబోయారు. పక్కింటి ఖాలా మాత్రం అందరినీ వెనక్కి నెట్టింది.

"మిర్గీ ఇది. నా తమ్ముడికి ఉండె. గాలి ఆడనీయండి!" అని అరిచింది. పిల్లను ఒక పక్కకు తిప్పింది. తల కింద తన దుపట్టా మడిచి పెట్టింది. అంతే, ఇంకేమీ చేయలేదు. రెండు మూడు నిమిషాల్లో పిల్ల కుదుటపడింది. తర్వాత గంటసేపు నిద్రపోయింది.

ఖాలా చేసిందే సరైన పని. తాళం చేతులకూ మూర్ఛకూ ఏ సంబంధం లేదు. ఇనుము పెట్టినా, పెట్టకున్నా చాలామందికి ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. అప్పుడు ఇనుము చేతిలో ఉంటే ఇనుమే ఆపిందనుకుంటాం. నోట్లో ఏదీ పెట్టకూడదు. పళ్లు విరుగుతాయి. నీళ్లు పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్లు చేతులు గట్టిగా అదిమి పట్టుకోకూడదు. పక్కన కుంపటి, రాయి, బిందె ఉంటే జరపాలి. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోను చేయాలి.

తల్లి మరునాడే పిల్లను నిలోఫర్ దవాఖానకు తీసుకుపోయింది. పిల్లల కోసం 1953లో మొదలైన సర్కారు దవాఖాన అది. అక్కడ డాక్టరమ్మ అన్నీ అడిగింది. తలకు తీగలు అంటించి ఒక పరీక్ష తీశారు. దాన్ని ఈఈజీ అంటారు. నొప్పి ఉండదు. గోలీలు రాసిచ్చారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆ గోలీలతో ఏడాదిన్నర పాటు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు.

తర్వాత ఒకే నెలలో మూడుసార్లు వచ్చింది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. "గోలీలు రోజూ వేస్తున్నావా అమ్మా?" అని అడిగింది.

"ఒక్క పూట కూడ తప్పలేదమ్మా" అంది తల్లి. ఖాళీ పట్టీలు కొంగులోంచి తీసి చూపింది. లెక్క సరిగ్గా ఉంది. నెలకు అరవై గోలీలు. అరవై అయిపోయాయి.

డాక్టరమ్మ పిల్లను బరువు తూచింది. జ్వరం వచ్చిందా, నిద్ర చాలటం లేదా అని అడిగింది. ఏమీ లేదు. మందు పెంచుదామని కలం పట్టుకుంది. అంతలో తల్లి చెంగు పట్టుకొని నిలబడ్డ చిన్నది నోరు తెరిచింది.

"నాక్కూడ సగం పెడతది అమ్మ."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. తల్లి తల దించుకుంది.

ఒక్క గోలీని రెండు ముక్కలు చేసింది తల్లి. పెద్దదానికి సగం, చిన్నదానికి సగం. నెల రోజులుగా అట్లాగే నడుస్తోంది. అందుకే పట్టీల లెక్క సరిపోయింది.

"ఎందుకమ్మా?" అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు.

తల్లి ఏడ్చేసింది. "మా అత్తమ్మ రోజు అంటది. ఇద్దరు ఒక్క కడుపుల, ఒక్కసారే పడ్డరు. ఒకదానికి దగ్గొస్తే ఇంకోదానికొస్తది. జెరమొస్తే ఇద్దరికొస్తది. ఇది కూడ గంతే, ఇయ్యాల కాకుంటే రేపొస్తది అంటది. రాకముందే మందేస్తే ఆగుతదేమో అనుకున్న. ఇంకో పిల్లకు చీటీ రాయమని అడుగుదామంటే, జబ్బు లేని పిల్లకు మీరు రాయరని భయమైంది."

దీన్ని తెలివి తక్కువ పని అనడం తేలిక. ఆ తల్లి భయం మాత్రం తక్కువది కాదు. ఆమె ప్రశ్న కూడా తప్పు ప్రశ్న కాదు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చాలా ఏళ్లుగా అదే ప్రశ్న వేసుకున్నారు. కవలల్లో ఒకరికి మూర్ఛ ఉంటే రెండోవారికి వస్తుందా?

మొదట ఒక మాట. దగ్గు, జ్వరం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. అందుకే ఒకే మంచం మీద పడుకునే పిల్లలకు ఇద్దరికీ వస్తాయి. మూర్ఛ అంటుకోదు. నురగ తగిలినా, ఎంగిలి తిన్నా, పక్కన పడుకున్నా రాదు. మన మెదడులో ఎప్పుడూ సన్నని కరెంటు నడుస్తుంటుంది. ఆ కరెంటుతోనే చూస్తాం, నడుస్తాం, మాట్లాడతాం. బస్తీలో వోల్టేజీ ఒక్కసారి పెరిగితే బల్బులు టపటపా కొట్టుకుంటాయి కదా. మెదడులో కరెంటు అట్లా ఒక్కసారి గతి తప్పితే ఫిట్స్ వస్తుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని మూర్ఛ వ్యాధి అంటారు. దయ్యం కాదు, గాలి కాదు, పిచ్చి కూడా కాదు.

ఇక కవలల సంగతి. కవలల్లో రెండు రకాలు ఉంటారు. డాక్టరమ్మ తల్లి చేతి గాజులు చూసింది. "గాజుల పని చేస్తావు కదమ్మా. నీకు తొందరగా తెలుస్తుంది" అని చెప్పడం మొదలుపెట్టింది.

ఒక లక్క ముద్ద తీసుకుంటారు. దాన్ని రెండు చేసి రెండు గాజులు చుడతారు. రెండింటిలో ఉన్నది ఒకటే లక్క. ఒకటే రంగు. కొందరు కవలలు ఇట్లా పుడతారు. కడుపులో ఒకే పిండం పడుతుంది. తర్వాత అది రెండుగా విడిపోతుంది. వీళ్లు ఒకే పోలికతో ఉంటారు. ఇద్దరూ ఆడపిల్లలే అవుతారు, లేదా ఇద్దరూ మగపిల్లలే అవుతారు.

ఇంకో విధం ఉంది. రెండు వేరు వేరు ముద్దలు. వాటితో రెండు గాజులు. ఒకేసారి చేశారు, ఒకే పెట్టెలో పెట్టారు. అయినా లక్క వేరు. కొందరు కవలలు ఇట్లా పుడతారు. రెండు పిండాలు ఒకేసారి పడతాయి. వీళ్లు మామూలు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల లాంటివాళ్లే. ఒకేసారి పుట్టారు, అంతే తేడా. ఒకరు ఆడ, ఒకరు మగ అయితే వాళ్లు ఈ రకమే.

"మాయ ఒకటా, రెండా?" అని మంత్రసానులు అడిగేవారు. ఒకే మాయ కనబడినంత మాత్రాన పిల్లలు ఒకే ముద్ద వాళ్లని ఖాయంగా చెప్పలేం. రెండు మాయలు ఉన్నా ఏ రకమో చెప్పలేం. ఒకే ముద్ద కవలలకు కూడా ఒక్కోసారి రెండు మాయలు ఉంటాయి.

ఈ తల్లి పిల్లలు ఒకే ముద్ద వాళ్లలాగే ఉన్నారు. అయితే చిన్నదానికి వచ్చి తీరుతుందా?

దీనికి డాక్టర్లు లెక్కలు తీశారు. ఆస్ట్రేలియా దేశంలో మూర్ఛ ఉన్న కవలలను వెతికి, లెక్క తీసి, 1998లో అచ్చు వేశారు. ఒకే ముద్ద కవలల్లో మూర్ఛ ఉన్నవారిని 100 మందిని తీసుకుంటే, 62 మందికి తోడబుట్టినవారికి కూడా ఉంది. 38 మందికి తోడబుట్టినవారికి లేదు. వేరు ముద్దల కవలల్లో 100కు 18 మందికే ఇద్దరిలోనూ ఉంది. డెన్మార్క్ దేశంలో సుమారు 12 వేల కవల జంటలను తీసుకొని, 2001లో ఇంకో లెక్క చెప్పారు. అందులో ఒకే ముద్ద వాళ్లలో 100కు 19, వేరు ముద్దల వాళ్లలో 100కు 7.

62 ఎక్కడ, 19 ఎక్కడ! ఇంత తేడా ఎందుకు? ఎవరిని అడిగారు, ఎట్లా అడిగారు అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. రెండు లెక్కలూ ఒక విషయం మాత్రం ఒకే తీరుగా చెప్పాయి. ఒకే ముద్ద వాళ్లకు రావటానికి వీలు ఎక్కువ. కానీ వచ్చి తీరాలని లేదు. అక్కకు మూర్ఛ ఉండి చెల్లె చక్కగా ఉన్న జంటలు ఆ రెండు దేశాల్లోనూ చాలా ఉన్నాయి.

ఒకే లక్క అయినప్పుడు ఒకదానికి ఎందుకు రావాలి, ఒకదానికి ఎందుకు రాకూడదు? తల్లి కూడా అదే అడిగింది.

"నువ్వే చెప్పు. ఒకే ముద్ద గాజులు రెండూ ఒకే తీరుగా ఉంటాయా?" అంది డాక్టరమ్మ.

"ఉండయమ్మా. ఒకదానికి కుంపటి సెగ ఎక్కువ తాకుతది. ఒకటి చేయి జారి పడతది. పగులు పైకి కనబడదు."

"అదే!"

మూర్ఛ రావటానికి కారణాలు చాలా ఉన్నాయి. కొన్ని రకాలు పుట్టుకతో వచ్చే గుణం వల్ల వస్తాయి. అట్లాంటివాటిలో కవలలు ఇద్దరికీ రావచ్చు. ఇద్దరికీ వస్తే చాలావరకు ఒకే రకం వస్తుంది. కొన్ని రకాలు మెదడుకు తగిలిన దెబ్బ వల్ల వస్తాయి. అవి దెబ్బ తగిలినవారికే వస్తాయి. కవల పిల్లలు తరచుగా నెలలు నిండకుండా పుడతారు. బరువు తక్కువ ఉంటారు. కాన్పులో ఒకరికి ఊపిరి అందటం ఆలస్యం కావచ్చు. ఆ దెబ్బ ఒకరికే తగిలి, ఒకరికే మూర్ఛ రావచ్చు. మేడ మీది నుంచి పడటం, మెదడు వాపు జ్వరం కూడా ఇట్లాంటివే.

మన దేశంలో ఇంకో కారణం ఎక్కువ. బద్దె పురుగు గుడ్లు. మనుషుల దొడ్డి మట్టిలో, మురికి నీళ్లలో ఆ గుడ్లు ఉంటాయి. కడగని కొత్తిమీర, ముల్లంగి వెంట కడుపులోకి పోతాయి. అక్కడి నుంచి మెదడులోకి పోయి గడ్డలాగా కూర్చుంటాయి. మాంసం ముట్టని వాళ్లకు కూడా ఇది వస్తుంది. ఇద్దరు పిల్లలు ఒకే పళ్లెంలో తిన్నా ఒకరికే రావచ్చు. స్కానింగులో కనబడుతుంది. మందు ఉంది.

జ్వరం ఎక్కువైనప్పుడు చిన్న పిల్లలకు వచ్చే ఫిట్స్ వేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లలకు వస్తాయి. అది చాలామందికి వయసుతో పోతుంది. దాన్ని మూర్ఛ వ్యాధి అనరు. తలమీద బాగా వేడి నీళ్లు పోసినప్పుడు కొందరికి ఫిట్స్ వస్తాయి. ఇది దక్షిణ దేశంలో, ముఖ్యంగా కర్ణాటకలో చూశారు. కొన్ని ఇళ్లలో ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. ముందుగా చేయవలసింది గోరువెచ్చని నీళ్లు పోయటమే. మన అవ్వలు పసిపిల్లలకు పొగలు కక్కే నీళ్లు పోస్తారు. అది బలమని అనుకుంటారు కాని, బలమేమీ లేదు.

కవలలు కాని తోబుట్టువుల సంగతి ఇంకా తేలిక. మామూలు జనంలో నూటికి ఒకరికి వస్తుంది అనుకుంటే, మూర్ఛ ఉన్నవారి తోబుట్టువుల్లో, పిల్లల్లో నూటికి నలుగురైదుగురికి వస్తుంది. మిగిలిన తొంభై అయిదు మందికి రాదు. మేనరికం పెళ్లిళ్లు ఉన్న ఇళ్లలో కొన్ని అరుదైన రకాలు ఒకే ఇంట్లో ఇద్దరికి రావచ్చు. అట్లాంటి ఇల్లయితే డాక్టరుకు ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

ఇప్పుడు సగం గోలీ సంగతి. తల్లి చేసినదానికి ఇద్దరు పిల్లలూ నష్టపోయారు. పెద్దదానికి మందు సగమే అందింది. మెదడులో కరెంటును పట్టి ఉంచటానికి ఆ సగం చాలలేదు. అందుకే మూడుసార్లు పడింది. చిన్నదానికి అక్కర లేని మందు పోయింది. పిల్ల బడిలో తూగుతోంది. ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకుంటోంది. తల్లి ఆ మగత చూసి, "అత్తమ్మ చెప్పినట్టే అయ్యింది, రోగం మొదలైంది" అని ఇంకా భయపడింది. అది రోగం కాదు. మందు మత్తు.

రాకముందే వేస్తే ఆగుతుందన్న మాట నిజం కాదు. మూర్ఛ మందు ఫిట్స్‌ను అణచి ఉంచుతుంది. రాని మూర్ఛను ముందుగా ఆపే మందు కాదు. పోలియో చుక్కల వంటిది కాదు. చిన్నదానికి ఈఈజీ తీద్దామా అని తల్లి అడిగింది. ఏ గుర్తూ లేని పిల్లకు అక్కర లేదంది డాక్టరమ్మ. ఎప్పుడూ ఫిట్స్ రాని తోబుట్టువులకు కూడా ఒక్కోసారి ఆ కాగితంలో గీతలు తేడాగా వస్తాయి. మందు పిల్లకు వేస్తారు కాని కాగితానికి వేయరు. చిన్నదానికి మందు ఎట్లా ఆపాలో, పెద్దదానికి ఎట్లా నడపాలో విడివిడిగా రాసిచ్చింది.

"మరి దీన్ని ఎట్ల కనిపెట్టుకోవాలె?" అని అడిగింది తల్లి.

పడిపోయి కొట్టుకోవటం ఒక్కటే మూర్ఛ కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ పిల్ల చూపు నిలిచిపోతుంది. పిలిస్తే పలకదు. పది సెకన్లలో మళ్లీ మామూలు అవుతుంది. బడిలో దీన్ని చూసి ధ్యాస లేదని కొడతారు. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగురుతాయి. చేతిలో చాయ్ కప్పు జారిపోతుంది. ఒక చేయి మాత్రమే, ఒక మూతి పక్క మాత్రమే అదురుతుంది. నిద్రలో పక్క తడుస్తుంది, పొద్దున నాలుక కొరుక్కొని ఉంటుంది. ఇట్లాంటివి మాటిమాటికీ కనబడితే దవాఖానకు తేవాలి. అప్పుడు పరీక్ష, అప్పుడు మందు. అంతవరకు చిన్నది అందరి లాంటి పిల్లే. పరుగెత్తవచ్చు. ఆడవచ్చు. పెద్దది కూడా ఆడవచ్చు. అది మాత్రం ఒక్కతే మేడ గోడ ఎక్కకూడదు, కుంపటి దగ్గర కూర్చోకూడదు.

నిద్ర తక్కువైతే ఫిట్స్ వస్తాయి. బోనాల రాత్రి లాల్‌దర్వాజలో ఎవరు నిద్రపోతారు? అయినా పెద్దదాన్ని తొందరగా పడుకోబెట్టాలి. రంజాన్‌లో రోజా ఉండేవారు ముందుగానే డాక్టరును అడిగితే, సహరీకి, ఇఫ్తార్‌కు సరిపోయేట్టు మందు వేళలు మార్చవచ్చేమో చూస్తారు. తమంతట తాము పూట మానకూడదు. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోండి. గోలీ మాత్రం ఆగకూడదు. ఫిట్స్ లేకుండా కనీసం రెండేళ్లు గడిచాక, తగ్గించాలా వద్దా అని డాక్టరే చూస్తారు. మందు సరిగ్గా వాడితే నూటికి డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆడపిల్ల తల్లులు ఒక పేరు గుర్తుపెట్టుకోవాలి. వాల్‌ప్రొయేట్. పట్టీ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మంచి మందే. కాని కడుపుతో ఉన్నప్పుడు వాడితే లోపలి బిడ్డకు చెడు చేయవచ్చు. పిల్ల పెద్దమనిషి కాకముందే ఈ సంగతి డాక్టరుతో మాట్లాడాలి. భయపడి ఒక్కసారి మానేయకూడదు. అది ఇంకా ప్రమాదం.

చివరికి తల్లి అసలు మాట అడిగింది. "దీనికి పెండ్లి అయితదా అమ్మా? దీని పేరు చెప్పి చిన్నదాన్ని కూడ ఎవ్వరు చేసుకోరంటది అత్తమ్మ."

ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో, ప్రత్యేక వివాహ చట్టంలో మూర్ఛ మాట ఉండేది. మాటిమాటికీ మూర్ఛ వస్తుందని చెప్పి పెళ్లి రద్దు చేయమనే వీలు ఉండేది. 1999లో ఆ మాటను రెండు చట్టాల్లోంచీ తీసేశారు. మూర్ఛ ఉన్న ఆడవాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. పిల్లల్ని కంటున్నారు. వాళ్ల పిల్లల్లో ఎక్కువమందికి మూర్ఛ రాదు. చట్టం మారినంత తొందరగా అత్తలు మారరు, అది వేరే సంగతి.

"నీకు రాయటం వచ్చా?" అని అడిగింది డాక్టరమ్మ.

"రాత్రిబడిల నేర్చుకున్న. మెల్లగ రాస్త."

"ఫిట్స్ వచ్చిన తారీఖు రాయి. ఎంతసేపు ఉందో రాయి. గోలీ వేసినప్పుడల్లా ఒక గీత పెట్టు. నాకు అది స్కానింగు కంటే ఎక్కువ పనికొస్తుంది."

ఆ రాత్రి తల్లి ఒక నోటు పుస్తకం తీసింది. మొదటి పేజీ పైన 'పెద్దది' అని రాసింది. ఆ నెలలో వచ్చిన మూడు తారీఖులు రాసింది. గుర్తు లేనిదాన్ని ఖాలాను అడిగి రాసింది. తర్వాతి పేజీ పైన 'చిన్నది' అని రాసింది. దాని కింద ఏం రాయాలో తోచలేదు. ఊరికే వదిలేసింది. అత్తమ్మ మంచం మీద నుంచి చూసింది. "గింత కాగితం ఖరాబు చేస్తున్నవ్" అంది. కాసేపటికి తనే లేచి, పెద్దదానికి రాత్రి గోలీ ఇచ్చావా అని అడిగింది.

మూడు వారాలు గడిచాయి. మొదటి పేజీ గీతలతో నిండింది. కొత్త తారీఖు పడలేదు. దవాఖానకు పోయే రోజు చిన్నది కూడా జడ వేసుకొని తయారైంది.

"నీకేం పనే ఆడ? బడికి పో" అంది తల్లి.